పేరు లేని గడి

విరుదునగర్‌లో ఆఫీసు ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు మా ఊళ్లో అందరూ ఒకటే అడిగారు: "పుల్లలు పేర్చేదా, పెట్టెలు అంటించేదా?"

తప్పు వాళ్లది కాదు. కోవిల్‌పట్టి చుట్టుపక్కల ఊళ్లలో ఆఫీసు అంటే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీయే. తీపెట్టి ఆపీసు అంటారు. తెల్లారితే దాని వ్యాను ఊరూరా తిరిగి ఆడవాళ్లను ఎక్కించుకుపోతుంది. నాది కంప్యూటర్లు ఉండే ఆఫీసు అని చెప్పాక మా అవ్వ వీరమ్మాళ్ కాసేపు ఆలోచించింది.

"సరి, ఆడ ఏమి అంటిస్తారు?"

"ఏమీ అంటించరు అవ్వా."

ఆ మాట అబద్ధమైంది. 2003 అక్టోబరులో ఒక వారమంతా ఆ ఆఫీసులో నేను చేసింది అంటించడమే.

మా ఆఫీసు పప్పుల గోడౌను పైన ఒకే గది. మూడు కంప్యూటర్లు. యజమాని సెందిల్‌కుమార్ సార్, ప్రోగ్రాములు రాసే రామ్‌కుమార్, టైపు చేసే నేను. మా ఇంట్లో తెలుగైనా, ఆఫీసులో ముగ్గురం మాట్లాడుకునేది అరవంలోనే. అప్పటికి మా చేతిలో ఉన్నది ఒక్కటే పెద్ద పని: కోవిల్‌పట్టిలో తిరుమలసామి నాయకర్‌ గారి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి సాఫ్ట్‌వేర్.

ఖాళీ పెట్టెలు ఫ్యాక్టరీలో తయారవవు. అట్టలు ఇళ్లకు పంపితే ఆడవాళ్లు అంటించి ఇస్తారు. ఏజెంట్లు ఇంటింటికీ తిరిగి ఎవరు ఎన్ని అంటించారో చీటీ రాస్తారు. నూటనలభైనాలుగు పెట్టెలు ఒక గ్రోసు, చీటీ మీద ఉండేది గ్రోసుల లెక్క. ఆ పెట్టెలు ఫ్యాక్టరీకి చేరినప్పుడు గేటు దగ్గర మళ్లీ లెక్కపెట్టి పుస్తకంలో రాస్తారు. చీటీల మొత్తం, గేటు పుస్తకం మొత్తం రోజూ సరిపోల్చి, చేతిలో ఖాళీ పెట్టెలు ఎన్ని ఉన్నాయో మా సాఫ్ట్‌వేర్ చూపించాలి.

అది చూపించడం లేదు. రెండు మొత్తాలూ ఒక్క రోజు కూడా కలవలేదు. ఆగస్టుకు ఇస్తామన్నది అక్టోబరుకు వచ్చింది. చివరికి నాయకర్ గారు ఫోను చేశారు. "శనివారం వస్తాను. మిగిలిన పనంతా ముక్కముక్కలుగా రాసి చూపించండి. నమ్మకం కుదిరితే మీరే చేయండి. లేకపోతే మదురై వాళ్లకు ఇచ్చేస్తా."

సెందిల్‌కుమార్ సార్ అంతకు ముందు నెలలోనే మదురైలో రెండు రోజుల క్లాసుకు వెళ్లి వచ్చారు. అక్కడ ఇచ్చిన పుస్తకం తీసి బల్ల మీద పెట్టారు. పైన ఒక గడి. దాని కింద నాలుగు గడులు. ఒక్కోదాని కింద మళ్లీ గడులు. వర్క్ బ్రేక్‌డౌన్ స్ట్రక్చర్ అని దాని పేరు. చెట్టులా ఉంది కానీ వేరు పైన, కొమ్మలు కింద. ఎవరు దాన్ని అలా తలకిందులు చేశారో అడగాలనిపించింది.

"పై గడి అంటే మొత్తం పని," అన్నారు సార్. "దాన్ని విడగొట్టాలి. ఒక మనిషి రెండు వారాల్లో ముగించగలిగేంత చిన్నది అయ్యేదాకా విడగొట్టాలి. అట్టడుగు గడులన్నీ కలిపితే పై గడి రావాలి. ఒక్కటి కూడా మిగలకూడదు, ఒక్కటి కూడా ఎక్కువ కాకూడదు. అట్టడుగు గడిలో మాత్రం మనిషి పేరు ఉండాలి. డబ్బిచ్చే ముదలాళికి కావలసింది పేరు."

కంప్యూటర్‌లో గీస్తే ముద్రించిన కాగితం చాలలేదు. పాత క్యాలెండర్ల వెనక వైపు చీటీలుగా కత్తిరించి గోడకు అంటిద్దామన్నారు. మైదాపిండితో జిగురు కాచింది నేను. రామ్‌కుమార్ పని రాసి ఇస్తాడు, నేను అంటిస్తాను, ఆ తర్వాత అతను ఎర్ర స్కెచ్ పెన్నుతో పేరు, రోజులు రాస్తాడు. మొదటి రోజు తడి మీదే రాసేసరికి మూడు చోట్ల అతని పేరు ఎర్రటి మరకైపోయింది.

"ఆరాక రాయండన్నా," అన్నాను.

"అది నీకెట్లా తెలుసు?"

"మా ఇంట్లో అదే పని."

మంగళవారం సాయంత్రానికి గోడ మీద అట్టడుగు చీటీలు ముప్పై ఒకటి. నేను లెక్కపెట్టాను. ఇరవై నాలుగింటి మీద రామ్‌కుమార్ పేరు, ఏడింటి మీద సార్ పేరు. మళ్లీ మొదటి నుంచి చూశాను. చూడటం సార్ గమనించారు.

"టైపింగ్ విడిగా గడి కాదమ్మా. అన్నిట్లోనూ కలిసి ఉంటుంది," అన్నారు. గొంతు తగ్గించి, "నీకు రాసిచ్చిన ఆరు నెలలు ఈ నెలాఖరుకు అయిపోతాయి కదా వాసుకీ. గోడ మీద గడి లేని మనిషిని నేను ఏ పేరు చెప్పి ఉంచుకోను? నువ్వే చెప్పు," అన్నారు.

కోపంగా అనలేదు. నిజంగానే అడిగారు.

నాతో పదో తరగతి చదివిన పుష్పం ఫ్యాక్టరీలో పుల్లలు పేరుస్తుంది. ఈ ఉద్యోగం పోతే నాకూ అదే పని. దాని వేళ్లు పోయినంత వేగంగా నా వేళ్లు టైపు మీద కూడా పోవు. ఆ పని తక్కువని నేననుకోలేదు. కానీ ఈ ఆరు నెలల్లో నాకొక అలవాటైంది. టైపు చేసిన అంకె లోపలికి పోయాక ఏమవుతుందో తెలుసుకోవాలనిపించేది. పుల్లల దగ్గరికి పోతే ఆ ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది.

గోడ మీద నన్ను ఎక్కువగా నిలబెట్టిన చీటీ ఒకటుంది: "తేడా సరిచేయడం – రామ్‌కుమార్ – 12 రోజులు." మిగతా చీటీలన్నీ ఏదో ఒకటి తయారుచేసేవి. ఇదొక్కటే, ఏమిటో తెలియనిదాన్ని సరిచేసేది. తెలియనిదానికి పన్నెండు రోజులని ఎలా తెలిసింది?

ఏజెంట్ల చీటీలూ గేటు అంకెలూ టైపు చేసేది నేనే కాబట్టి ఆ తేడా రోజూ నా కళ్ల ముందే ఉండేది. జూలై నుంచి ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టుకున్నాను. ఎవరూ రాయమనలేదు. సెప్టెంబరు 9న చీటీలు 412 గ్రోసులు, గేటు 371. మర్నాడు చీటీలు 396, గేటు 430. మొదటి రోజు పోయినవి రెండో రోజు వచ్చినట్టున్నాయి. రామ్‌కుమార్‌కు చూపించాను.

"ఏజెంట్లు తప్పు రాస్తున్నారు," అన్నాడు. "లేదా నువ్వు తప్పు కొడుతున్నావు."

నేను మళ్లీ సరిచూశాను. కొట్టింది తప్పు కాదు.

బుధవారం మధ్యాహ్నం మా ఊళ్లో వాన పడింది. గురువారం తెల్లవారి నేను బస్సుకు బయలుదేరుతుంటే ఏజెంటు కరుప్పసామి మామ మోపెడ్ ఆపుకుని మా ఇంటి ముందుకు వచ్చాడు.

"అత్తా, ఎన్ని?"

"ఆరు గ్రోసు," అంది అవ్వ. "ఎంచి లెక్క చూసుకో, కావాలంటే."

"నువ్వు చెప్తే పత్తిరం రాసినట్ల. ఎంచేది ఏంటికి?" అని చీటీలో ఆరు రాశాడు. తర్వాత వసారాలో చాప మీద పరిచిన పెట్టెలను వేలితో నొక్కి చూస్తూ ఒక్కో వరస ఎత్తి గోతాంలో వేసుకున్నాడు. నేను చూస్తూ నిలబడ్డాను. నాలుగు గ్రోసులు గోతాంలోకి పోయాయి. రెండు చాప మీదే ఉన్నాయి.

"ఏమి మామా, ఆరు రాసి నాలుగు ఎత్తుకుంటుండావు?"

"అవి ఇంకా ఈరం పోలేదు తాయీ. తడి పెట్టెలు గోతాంలో పెడితే అప్పళం అయిపోతాది. రేపు ఎత్తుకుంటా."

"మరి చీటీలో ఆరు ఉండాదే?"

"మీ అవ్వ అంటించింది ఆరు కదా! నాలుగు రాస్తే నన్ను ఈ వీదిలో నిలబడనిస్తాదా?"

"చీపురు ఎత్తుకోనా?" అంది అవ్వ లోపలి నుంచి.

"చూసినావా?"

"మిగిలిన రెండు ఆరలేదని యాడ రాస్తారు మామా?"

కరుప్పసామి మామ మోపెడ్ తొక్కబోయి ఆగాడు. అంత పిచ్చి ప్రశ్న అడుగుతానని అనుకోలేదు కాబోలు. "అది రాసేది ఏంటికి? అందరికీ తెలిసిందే కదా," అన్నాడు.

ఆ రోజు నా బస్సు పోయింది. నోటు పుస్తకం తెచ్చి అవ్వ పక్కన కూర్చున్నాను. అవ్వకు తారీఖులు తెలియవు. కానీ చాపలు ఎప్పుడెప్పుడు లోపలికి లాగిందో అంతా తెలుసు.

"మారియమ్మ పొంగలికి ముందటి దినం వాన. కూళు తినేదానికి కూడా పొద్దు లేదు, లాగింది లాగిందే. మళ్లీ సంగిలి కూతురు పెళ్లికి ముందు రెండు దినాలు మబ్బు. నీకెందుకే ఇదంతా? నీ ఆపీసులో వాన కూడా ఎంచుతారా?"

"తెల్దు అవ్వా. ఎంచాలేమో."

తేడా ఎక్కువగా ఉన్న పదిహేడు రోజులకు గుర్తులు పెట్టాను. అవ్వ చెప్పిన వానలూ మబ్బులూ పద్నాలుగు రోజులతో కలిశాయి. ఒకటి ఆగస్టు పదిహేను, గేటు తెరవలేదు. మిగతా రెండూ ఎందుకో నాకు ఈనాటికీ తెలియదు.

రెండో బస్సు సాత్తూరులో ఆగినప్పుడు దోసకాయలు అమ్మేవాళ్లు కిటికీ దగ్గరికి వచ్చారు. నేను వాళ్ల బుట్టలు చూస్తున్నాను కానీ కళ్లలో ఉన్నది గోడ మీది చీటీలే. రామ్‌కుమార్ ఆ చార్టు ఎలా తయారుచేశాడో నాకు గుర్తుంది. ఫ్యాక్టరీకి వెళ్లి ఒక్కొక్కరినీ నువ్వేం చేస్తావని అడిగాడు. అంటించేవాళ్లు అంటిస్తామన్నారు. ఏజెంట్లు చీటీ రాస్తామన్నారు. గేటు గుమాస్తా లెక్కపెడతానన్నాడు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. పెట్టెలు ఆరబెట్టేది ఎండ. ఎండను ఎవరడుగుతారు?

ఆఫీసులో ఈ మాట చెప్పేసరికి రామ్‌కుమార్ కుర్చీ వెనక్కి వంచి నవ్వాడు.

"సార్, విన్నారా! ఆరడం ఒక పనంట. అట్టడుగు గడిలో పేరు ఉండాలన్నారు కదా, సూర్యుడి పేరు రాద్దాం. ఎన్ని రోజులు? ఆయనకు ఆదివారం సెలవా?"

సార్ కూడా నవ్వారు. నవ్వి, "శనివారానికి ఇక ఒక్క రోజుంది వాసుకీ. ఉన్న చార్టును కదపొద్దు," అన్నారు.

నేను వెళ్లి నా చోట కూర్చున్నాను. కానీ శుక్రవారం రామ్‌కుమార్ టీకి లేచినప్పుడు ఒక కాగితం అతని కీబోర్డు మీద పెట్టాను. రోజుకు రోజు కాకుండా నాలుగేసి రోజులు కలిపి చీటీల మొత్తం, గేటు మొత్తం రాశాను. తేడా ఎక్కడా పదకొండు గ్రోసులు దాటలేదు. అతను వచ్చి చదివాడు. టీ చల్లారిపోయింది. "తేడా సరిచేయడం" చీటీ దగ్గరికి వెళ్లి కాసేపు నిలబడి వచ్చాడు.

శనివారం పొద్దున్నే వాన మబ్బు. అందరికంటే ముందు ఆఫీసు తెరిచాను. జిగురు అడుగున కొంచెం మిగిలి ఉంది, వేడినీళ్లు పోసి కలిపాను. ఒక చీటీ కత్తిరించి ఇలా రాశాను: "ఆరుతున్న పెట్టెలు – రోజూ ఎన్ని, ఏ ఊళ్లో, వాన పడితే ఎన్ని రోజులు." ఖాళీ పెట్టెల కొమ్మ కింద, అంటించినవాటికీ గేటుకు వచ్చినవాటికీ మధ్య చోటు చేసి అంటించాను. పేరు రాసే చోట పెన్ను పెట్టబోయి మానుకున్నాను. నా పేరు నేనే రాసుకునే హక్కు ఎవరిచ్చారు?

ఒక్కటి కూడా మిగలకూడదని సార్ అన్న మాట మీద మాత్రం నాకు పూర్తి నమ్మకం ఉంది. చీటీ వంకర పోకుండా అంచులు నొక్కాను.

సార్ వచ్చారు. వెనకే రామ్‌కుమార్. వాళ్లు గోడ వైపు చూసేలోపే మెట్ల మీద చెప్పుల చప్పుడు. తిరుమలసామి నాయకర్ గారు గొడుగు మూలన ఆనించి, కుర్చీ వద్దని, నేరుగా గోడ దగ్గరికి నడిచారు. వేలు పెట్టి ఒక్కో చీటీ పైకే చదివారు. పని, పేరు, రోజులు. పని, పేరు, రోజులు. సార్ ఏదో చెప్పబోతే చేయెత్తి ఆపారు. వేలు నా చీటీ దగ్గరికి వచ్చి ఆగింది. జిగురు తడి వేలికి అంటుకుంది.

"ఇది ఎవరిది? పేరు లేదే?"

సార్ రామ్‌కుమార్ వైపు చూశారు. రామ్‌కుమార్ నా వైపు చూశాడు.

"రాసింది నేను సార్," అన్నాను.

"ఏ ఊరమ్మా?"

చెప్పాను. ఆయన మాట తెలుగులోకి మారింది. "ఓహో, మనోళ్ల పిల్లవా! ఇంట్లో ఎవరు అంటించేది?"

"మా అవ్వ."

"నిన్న చీటీలు మొత్తం ఎంత?"

"నాలుగు వందల ఎనిమిది గ్రోసులు."

"సరి. ఈ దినం నా గేటుకు ఎన్ని వస్తాయి? చెప్పు చూస్తాము."

సార్‌కు, రామ్‌కుమార్‌కు ఆ తెలుగు అర్థం కాలేదు, ఏదో పరీక్ష జరుగుతోందని మాత్రం అర్థమైంది. నిన్న అంటించినవీ ఇంచుమించు అన్నే ఉంటాయి, కానీ మధ్యాహ్నం మూడు గంటలకు మా వైపు వాన మొదలైంది. పొద్దున అంటించినవి అప్పటికే ఆరి ఉంటాయి, తర్వాతవి ఆరవు. మొన్నటివి కొన్ని కూడా ఇవాళ చేరతాయి. నోటు పుస్తకంలో అలాంటి రోజులు ఐదున్నాయి.

"మూడు వందలు దాటదు," అన్నాను.

ఆయన మా ఫోను తీసుకుని గేటుకు కలిపారు. పొద్దుటి బండ్లన్నీ వచ్చేశాయా అని అడిగి, అంకె విని, పెట్టేశారు. పంచె కొసతో వేలికున్న జిగురు తుడుచుకున్నారు.

"మూడు వందల పన్నెండు. పన్నెండు తప్పినావే!"

ఆ పన్నెండు ఎక్కడివో తెలుసుకోవాలనిపించింది.

"ఎట్టయాపురం పక్క ఊళ్లలో నిన్న వాన పడిందా?" అని అడిగాను.

ఆయన నన్ను చూసి గట్టిగా నవ్వారు. "లేదు. ఆడ పడలేదు. నిన్న సాయంత్రం ఆ దోవలోనే ఇంటికి వచ్చినాను, దుమ్మే."

"అట్లయితే ఆ ఊళ్లవి నిన్ననే ఆరిపోయింటాయి. అందుకే ఏ ఊళ్లో అని కూడా రాసినాను."

ఆయన అరవంలోకి మారి సార్‌తో అన్నారు: "నా గేటు గుమాస్తాకు ఇరవై రెండేళ్లుగా ఇదంతా తలలో ఉంది. పొద్దున ఆకాశం చూసి, ఈ రోజు పెట్టెలు ఎన్ని వస్తాయో, వాటికి పుల్లలు ఎన్ని దింపాలో చెప్పేస్తాడు. వచ్చే ఏడు వాడు పని మానేస్తున్నాడయ్యా. అందుకే మీ దగ్గరికి వచ్చింది. వాడి తలలో ఉన్నది మీ గోడ మీద ఎక్కడుందా అని చూస్తున్నా."

"అతన్ని మేం అడిగాం సార్," అన్నాడు రామ్‌కుమార్ మెల్లగా. "లెక్కపెడతానని మాత్రమే చెప్పాడు."

"వాడు చేసేది లెక్కపెట్టడమే కదా. ఆకాశం చూడటం ఒక పనని వాడికేం తెలుసు?"

సెందిల్‌కుమార్ సార్ నవంబరు నెలాఖరుకు ముగిస్తామన్నారు. నాయకర్ గారు తల అడ్డంగా ఊపారు. వానాకాలమంతా చూడకుండా ఆరే లెక్క తేలదన్నారు. జనవరి నెలాఖరు దాకా గడువిచ్చారు. "కానీ ఒకటి. పేరు లేని పనికి నేను ఒప్పుకోను. ఇది ఎవరు చూస్తారో ఇప్పుడే రాయండి," అని, గొడుగు తీసుకుంటూ నాతో తెలుగులో, "మీ అవ్వను అడిగినానని చెప్పు," అన్నారు.

ఆయన చెప్పుల చప్పుడు మెట్ల కిందికి పోయింది.

సార్ గోడ దగ్గరికి వెళ్లి నా చీటీ మళ్లీ చదివారు. "జనవరి దాకా అంటే ఈ నెలతో కలిపి నాలుగు నెలలు," అన్నారు, నాతోనో తనతోనో. తర్వాత తన బల్ల మీది కాగితాల్లోంచి నా ఆరు నెలల ఉద్యోగపు ఉత్తరం వెతికి తీసి, నెలాఖరు తేదీ మీద గీత కొట్టారు.

రామ్‌కుమార్ "తేడా సరిచేయడం" చీటీని గోడ మీంచి ఒలిచేశాడు. గట్టిగా ఆరి ఉంది, కొంచెం సున్నం కూడా ఊడి వచ్చింది. దాన్ని ఉండ చుట్టి బుట్టలో వేసి, ఎర్ర స్కెచ్ పెన్ను నా ముందు పెట్టాడు.

"రాయి. సూర్యుడి పేరు వద్దు, నీ పేరు."

చీటీ అంచు వేలితో నొక్కి చూశాను.

"ఇంకా తడిగా ఉందన్నా. ఆరనీ."

"ఈ మబ్బులోనా? ఎంతసేపు?"

"ఫ్యాను కింద అరగంట," అన్నాను.

ఫ్యాను వేసి వచ్చి, ఆ రోజు చీటీల కట్ట విప్పి టైపు చేస్తూ కూర్చున్నాను. కరుప్పసామి మామ రాసిన చీటీ మూడోది. వీరమ్మాళ్, ఆరు.